మీ మామగారి ప్రశ్న సరైనదే: నాషర్ తోటలో ఇనప రేకులు, గోడ మీద అరటిపండు, మీ చెరువు గట్టు శిల్పం

మీరు అడిగినవి మూడు. ఇండియా నుంచి వచ్చిన అత్తగారినీ మామగారినీ డాలస్ డౌన్‌టౌన్‌లో నాషర్ స్కల్ప్చర్ సెంటర్‌కి తీసుకెళ్తే, తోటలో నిలబెట్టిన రెండు తుప్పు రంగు రేకుల దగ్గర మామగారు ఆగి "ఇందులో ఏముందమ్మా?" అన్నారు, మీకు ఏం చెప్పాలో తెలియలేదు. అది మొదటిది. గోడకి టేపు వేసి అంటించిన అరటిపండు లాంటివి కళ ఎలా అవుతాయన్నది రెండోది. ఇక మూడోది, ఫ్రిస్కోలో మీ కమ్యూనిటీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) చెరువు గట్టున ఒక ఆబ్‌స్ట్రాక్ట్ శిల్పం, అంటే ఫలానాదాని బొమ్మ అని చెప్పలేని ఆకారం, పెట్టాలనుకుంటోంది, కమిటీలో మీరూ ఉన్నారు, ఓటు ఎటు వేయాలి? నేను విశాఖలో శిల్పం చదువుకుని, ఆ తర్వాత చాలా ఏళ్లు ఇక్కడి వర్క్‌షాపుల్లో పెద్ద పెద్ద లోహ శిల్పాలకు వెల్డింగ్ చేస్తూ, వాటిని ట్రెయిలర్ల మీద తీసుకెళ్లి క్రేన్లతో దింపి బిగిస్తూ బతికినవాణ్ణి. ఆ వైపు నుంచే చెబుతాను. విమర్శకుల భాష నాకు రాదు.

ఒకటి ముందే చెప్పాలి. మీ మొదటి రెండు ప్రశ్నలూ ఒకే జబ్బుకి రెండు లక్షణాలు అన్నట్టు అడిగారు. అవి రెండూ వేరు వేరు. ఆబ్‌స్ట్రాక్ట్ శిల్పంలో వస్తువే అంతా. దాని బరువు, ఎత్తు, అది నిలబడ్డ చోటు, దాని పక్కన నడిచే మనిషి. కాన్సెప్చువల్ ఆర్ట్‌లో, అంటే అరటిపండు లాంటి, ఐడియానే కళగా చూపే పనుల్లో, వస్తువు రెండో స్థానంలోకి వెళ్లిపోతుంది. అక్కడ చూడాల్సింది కళాకారుడు తీసుకున్న నిర్ణయాన్ని. శిల్పం దగ్గరికెళ్లి "దీని వెనక ఐడియా ఏంటి" అని, అరటిపండు దగ్గరికెళ్లి "ఇందులో పనితనం ఏది" అని అడిగితే రెండూ మోసాల్లాగే కనిపిస్తాయి. అది మీ తప్పు కాదు. మ్యూజియం వాళ్లు రెండిటికీ ఒకే రకం లేబుల్ రాసి పెడతారు మరి.

మీ మామగారు చూసింది అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా 1987లో చేసిన 'మై కర్వ్స్ ఆర్ నాట్ మ్యాడ్'. దాదాపు 14 అడుగుల ఎత్తు, 45 అడుగుల దాకా పొడవు ఉన్న రెండు వంపు తిరిగిన ఉక్కు ప్లేట్లు, మధ్యలో నడిచే దారి. మామగారు ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా రిటైరయ్యారని రాశారు కదా, ఈ శిల్పానికి అంతకంటే మంచి ప్రేక్షకుడు దొరకడు. ఆయనకి అర్థం గిర్థం చెప్పబోకండి. "మామయ్యగారూ, ఇది ఎలా నిలబడిందంటారు?" అని అడగండి చాలు. దాన్ని పట్టుకున్న దూలం లేదు, వైరు లేదు, వెనక సపోర్టు లేదు. ప్లేటు నిటారుగా కూడా లేదు, వాలి ఉంది. అంగుళం మందం ఉక్కు ప్లేటు చదరపు అడుగుకి దాదాపు 41 పౌండ్లు తూగుతుందని ఆయనకి తెలిసే ఉంటుంది. లెక్క కట్టడం మొదలుపెడతారు. వంపు ఉంది కాబట్టే పడట్లేదని, అంత మందం ప్లేటుని ఈ వంపు తిప్పాలంటే ఓడలు కట్టే స్థాయి రోలింగ్ మిషన్ కావాలని ఆయనే చెప్తారు. సెర్రా కుర్రతనంలో ఉక్కు మిల్లుల్లో పనిచేశాడు, వాళ్ల నాన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో షిప్‌యార్డులో పనిచేసేవాడు. ఆ మనిషి చేసిన దాన్ని ఇంజినీరు కంటితో చూడటం చిన్నతనమేమీ కాదు. అసలు దారే అది.

తర్వాత ఇద్దరూ ఆ రెండు ప్లేట్ల మధ్యలోంచి నడవండి, ఫోన్లు జేబులో పెట్టుకుని. నాలుగడుగులు వేసేసరికి డౌన్‌టౌన్ రొద తగ్గి మీ చెప్పుల చప్పుడు పెద్దగా వినబడుతుంది. గోడలు వాలి ఉంటాయి కాబట్టి పైన కనిపించే ఆకాశం చీలిక మీరు నడుస్తుంటే వెడల్పు మారుతుంది. ఒకచోట భుజం దానంతట అదే పక్కకి జరుగుతుంది. గోడ మీద పడుతుందేమో అని ఒళ్లు లెక్క వేసుకుంటుంది. అప్పుడు దగ్గరగా చూడండి, ముట్టుకోకుండా. చేతి జిడ్డు ఆ తుప్పు పొర మీద మరకై ఉండిపోతుంది, అక్కడి సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు కూడా. పైనుంచి కిందికి వాన నీళ్లు జారిన చారలు, ఒక్కో చార ఒక్కో రంగు. కొన్నిచోట్ల నారింజ, కొన్నిచోట్ల వంకాయ రంగుకి దగ్గర. బయటికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే, లోపల నడిచినప్పుడు అనిపించిన ఆకారానికీ బయటినుంచి కనిపించే ఆకారానికీ పొంతన ఉండదు. శిల్పం ఆ తేడాలోనే ఉంది. ఇంతకు మించి అందులో దాచిపెట్టిన అర్థం ఏమీ లేదు, మీరు ఏమీ మిస్ కాలేదు.

మనవాళ్లకి ఇది ఎందుకు కష్టమంటే, మనకి శిల్పం అంటే ముందు విగ్రహం. ఊళ్లో ప్రతి సెంటర్లో ఎవరో ఒకరు చెయ్యి చాపి నిలబడి ఉంటారు. జయంతికి దండ, వర్ధంతికి దండ, ఎన్నికల కోడ్ వస్తే ముసుగు. అందుకని బొమ్మ కనబడగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎవరిది?" అని. ఇర్వింగ్‌లో థామస్ జెఫర్సన్ పార్కులో 2014 అక్టోబర్ 2న ఆవిష్కరించిన గాంధీ విగ్రహం దగ్గర మీ మామగారికి ఏ ఇబ్బందీ రాలేదని రాశారు, రాదు మరి. ఆయన ఎవరో తెలుసు, చెప్పులు విప్పి దండం పెట్టుకున్నారు, ఫొటో దిగారు. సెర్రా దగ్గర "ఎవరిది" అన్న ప్రశ్న పనిచెయ్యదు. అక్కడ పనిచేసేవి "ఎంత బరువు", "ఎటు వాలింది", "నేనెటు నడవాలి" లాంటివి.

కానీ మనకి ముఖం లేని రాయి కొత్తా? తెలంగాణలో ఏ ఊరికెళ్లినా నడిబొడ్డున బొడ్రాయి ఉంటుంది, ఆంధ్రలో బొడ్డురాయి అంటారు. ఒక పొట్టి రాతి స్తంభం. కళ్లు లేవు, చేతులు లేవు, చాలాచోట్ల పేరు కూడా చెక్కి ఉండదు. పసుపు కుంకుమ పెడతారు. కొత్తగా ప్రతిష్ఠ చేస్తే అత్తారిళ్లకి వెళ్లిన ఆడపడుచులంతా తిరిగొస్తారు. దాని ముందు నిలబడి "ఇది దేనిలా ఉంది?" అని ఎవరూ అడగరు. ఆకారం ఆబ్‌స్ట్రాక్టే, ఉన్నది నడివీధిలోనే, అయినా ఒక్కరికీ ఇబ్బంది లేదు. ఎందుకంటే దాన్ని ఊరంతా కలిసి పాతుకుంది. మీ మూడో ప్రశ్నకి జవాబు ఇక్కడి నుంచే వస్తుంది, మళ్లీ వస్తాను.

తుప్పు సంగతి కూడా మామగారు అడిగారన్నారు. "పెయింట్ వేయించడానికి డబ్బుల్లేవా" అని. ఆ ఉక్కు పేరు కార్‌టెన్. 1930ల్లో యూఎస్ స్టీల్ కంపెనీ బొగ్గు మోసే రైలు వ్యాగన్ల కోసం తయారు చేసింది. రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలుస్తాయి. మామూలు ఇనుముకి తుప్పు పడితే ఊడి రాలి, కింద కొత్త ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది. దీనికి పట్టే తుప్పు గట్టి పొరగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఒక షరతు. తడిసి ఆరాలి, తడిసి ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంటే, లేదా ఉప్పు గాలి తగిలితే ఆ పొర నిలవదు. డాలస్‌లో ఇది హాయిగా ఉంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో పెడితే నేనైతే గ్యారంటీ ఇవ్వను.

నాషర్ గురించి ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే పబ్లిక్ శిల్పం కష్టాలన్నీ ఆ ఒక్క తోటలోనే చూడొచ్చు. తోట వెనక వైపు జేమ్స్ టరెల్ అనే కళాకారుడు కట్టిన గది ఒకటి ఉంది, 'టెండింగ్, బ్లూ'. 2003లో మ్యూజియం తెరిచినప్పటిది. లోపల కూర్చుని తలెత్తితే కప్పులో నలుచదరంగా ఒక కోత, అందులోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనబడకూడదు. సాయంత్రం వెలుగు మారుతుంటే ఆ ఆకాశం ముక్క చేత్తో తాకేంత దగ్గరికి వచ్చినట్టుంటుంది. అందులో వాడిన పదార్థం ఆకాశమే. ఆ తర్వాత పక్కనే మ్యూజియం టవర్ అని 42 అంతస్తుల అద్దాల అపార్ట్‌మెంట్ భవనం లేచింది. ఆ కోతలోంచి భవనం అంచు కనబడటం మొదలైంది. అంతే, తన పని నాశనమైందని టరెల్ ప్రకటించాడు, గది మూసేశారు. పైగా ఆ అద్దాల మీద పడ్డ ఎండ తిరిగొచ్చి తోటలో మొక్కల్ని మాడ్చింది. మ్యూజియం భవనం ఆర్కిటెక్ట్ రెంజో పియానో దాని కప్పుకి అల్యూమినియం జల్లెడ ఒకటి డిజైన్ చేశాడు. దాని కన్నాలు ఉత్తరానికి మాత్రమే తెరుచుకుంటాయి, నేరుగా ఎండ లోపలికి రాకుండా. ఎండే ఉత్తరం నుంచి తిరిగొస్తే ఆ జల్లెడ ఏం చేస్తుంది? ఆ టవర్‌కి పెట్టుబడి పెట్టింది డాలస్ పోలీసు, ఫైర్ సిబ్బంది పెన్షన్ ఫండ్. అంటే అక్కడ విలన్ కూడా ఎవరూ లేరు, రిటైరయ్యే ఫైర్‌మన్ల డబ్బు అది. గదిలో ఒక్క రాయి కూడా కదలలేదు, అయినా శిల్పం పోయింది. చోటు అనేది శిల్పంలో ఎంత భాగమో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

చోటు కథల్లో పెద్దది మళ్లీ సెర్రాదే. 1981లో న్యూయార్క్ మన్‌హాటన్‌లో ఫెడరల్ ఆఫీసుల ముందున్న ఖాళీ స్థలంలో 'టిల్టెడ్ ఆర్క్' పెట్టారు. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు, రెండున్నర అంగుళాల మందం ఉన్న వాలిన గోడ. ఇందాకటి లెక్క వేస్తే 73 టన్నులు. ప్రభుత్వమే అడిగి చేయించింది, 1,75,000 డాలర్లు ఇచ్చింది. రోజూ ఆఫీసుకి వచ్చే ఉద్యోగులకి అది అడ్డం. లంచ్ టైములో కూర్చునే చోటు పోయింది, నేరుగా వెళ్లేవాళ్లు చుట్టూ తిరిగి వెళ్లాలి. 1985లో బహిరంగ విచారణ పెడితే 180 మంది మాట్లాడారు. 122 మంది ఉంచమన్నారు, 58 మంది తీసేయమన్నారు. ఉంచమన్నవాళ్లే ఎక్కువ. అయినా ప్యానెల్ తీసేయమంది. ఆ చోటు కోసం చేసినదాన్ని అక్కడి నుంచి కదిపితే ధ్వంసం చేసినట్టేనని సెర్రా కోర్టుకెక్కి ఓడిపోయాడు. 1989 మార్చిలో ఒక రాత్రి దాన్ని మూడు ముక్కలుగా కోసి తీసుకెళ్లిపోయారు.

నన్నడిగితే అది గొప్ప శిల్పం. కానీ ఆ ఉద్యోగుల కోపం కూడా న్యాయమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. గ్యాలరీకి మనం టికెట్ కొనుక్కుని వెళ్తాం, నచ్చకపోతే బయటికొస్తాం. రోజూ నడిచే దారిలో పెట్టినదాని నుంచి బయటికి రాలేం. అందుకే గ్యాలరీలో కళాకారుడికి ఇచ్చే స్వేచ్ఛ, వీధిలో ఇవ్వాల్సిన స్వేచ్ఛ ఒకటి కావు. మన దగ్గర 2011 మార్చిలో ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పడగొట్టినప్పుడు ఎవరూ వాటి పనితనం గురించి మాట్లాడలేదు. ఎవరివి పెట్టారు, ఎవరివి పెట్టలేదు, ఎవర్ని అడిగి పెట్టారు అన్నదే గొడవ. ముఖమున్న విగ్రహమైనా ముఖం లేని గోడైనా, పబ్లిక్ స్థలంలో తగువు చివరికి అక్కడికే వస్తుంది.

దీనికి వ్యతిరేకంగా, ఎవరికీ పేచీ లేనిది చూడాలంటే నార్త్‌పార్క్ మాల్‌కి వెళ్లండి. మీరు వారం వారం వెళ్తూనే ఉంటారనుకోండి. ఆ మాల్ కట్టింది, ఈ మ్యూజియం పెట్టింది ఒకే మనిషి, రేమండ్ నాషర్. 1965లో మాల్ తెరిచాక అందులోనే శిల్పాలు పెట్టడం మొదలుపెట్టాడు. మార్క్ డి సువెరో చేసిన నారింజ రంగు 'ఆడ్ ఆస్ట్రా' అక్కడే ఉంది. 48 అడుగుల ఎత్తు, బ్రిడ్జిలకి వాడే ఐ-బీములతో చేసింది. జొనాథన్ బొరొఫ్‌స్కీ చేసిన సుత్తి మనుషులు ఐదుగురు మోటారుతో నెమ్మదిగా చెయ్యి ఎత్తి దించుతుంటారు. పిల్లలు ఆ పక్కనే మొక్కల తొట్ల ఏటవాలు గట్ల మీద జారుతుంటారు, పెద్దలు కాఫీ కప్పులతో కూర్చుంటారు, శిల్పాన్ని చూస్తున్నామన్న స్పృహే ఎవరికీ ఉండదు. పబ్లిక్ శిల్పానికి నా లెక్కలో ఇది మంచి బతుకు. డాలస్ సిటీ హాల్ ముందున్న, బ్రిటిష్ శిల్పి హెన్రీ మూర్ చేసిన కంచు ముక్కలు మూడూ అంతే, మధ్యలోంచి నడిచే వీలుండాలనే ఆయన అలా విడివిడిగా పెట్టాడు.

ఇక అరటిపండు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ 2019లో మయామీ బీచ్‌లో ఆర్ట్ బాసెల్ అనే ఆర్ట్ ఫెయిర్‌లో పెట్టాడు, ధర 1,20,000 డాలర్లు. 2024 నవంబర్‌లో న్యూయార్క్ వేలంలో ఒక కాపీ 62 లక్షల డాలర్లకి పోయింది. కొన్నాయన దాన్ని తినేశాడు కూడా. తిన్నా నష్టం లేదు. ఎందుకంటే ఆయన కొన్నది పండుని కాదు, ఒక సర్టిఫికెట్‌ని, దాంతో వచ్చే సూచనల్ని. ఎంత ఎత్తులో అంటించాలి, పండు ఎప్పుడు మార్చాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. మార్కెట్లో కొత్త పండు కొనుక్కుని మళ్లీ అంటించుకోవచ్చు.

నా అభిప్రాయం దాచుకోను. అది మంచి జోకు. కళ ధర ఎక్కడి నుంచి వస్తుందని కొనేవాళ్లనే నిలదీసే జోకు, అదీ సరిగ్గా కొనేవాళ్ల సంతలో. కానీ విన్నాక చూడక్కర్లేదు. కాన్సెప్చువల్ పనికి నేను పెట్టుకున్న పరీక్ష ఇది: ఫోన్లో ఎవరికైనా రెండు వాక్యాల్లో చెప్పి, ఆ తర్వాత వెళ్లి చూస్తే ఇంకా ఏమైనా మిగులుతుందా? అరటిపండు దగ్గర నాకేమీ మిగల్లేదు. ఆ రంగంలో ఉన్న చాలామంది ఈ పరీక్షే తప్పంటారు, చెప్పగానే అయిపోవడమే దాని గుణం అంటారు. అననీయండి.

అదే పరీక్ష సోల్ లెవిట్ అనే అమెరికన్ కళాకారుడికి పెడితే చూడండి. ఈ వ్యవహారానికి కాన్సెప్చువల్ ఆర్ట్ అన్న పేరు స్థిరపడటంలో ఆయన 1967లో రాసిన వ్యాసానిది పెద్ద పాత్ర. ఐడియానే కళను తయారు చేసే యంత్రం అన్నాడు. 1968 నుంచి గోడ మీద ఎలా గీయాలో సూచనలు మాత్రమే రాసేవాడు, గీసేది వేరేవాళ్లు. కొన్నవాళ్లకి కాగితం దక్కుతుంది, గోడ కాదు. ఇల్లు మారితే పాత గోడ మీద సున్నం కొట్టేసి కొత్త గోడ మీద మళ్లీ గీయించుకోవచ్చు. కాగితం మీద ఇదీ మోసంలాగే వినిపిస్తుంది. కానీ మసాచుసెట్స్‌లో నార్త్ ఆడమ్స్ అనే చిన్న ఊళ్లో మాస్ మోకా అని పాత ఫ్యాక్టరీలో పెట్టిన మ్యూజియం ఉంది. అక్కడ ఒక భవనం నిండా ఆయన గోడలు 105 ఉన్నాయి, 2008లో తెరిచారు, 2043 దాకా ఉంచుతారట. ఆయన 2007లోనే పోయాడు. ఒక గోడ ముందు దూరంగా నిలబడితే బూడిద రంగు పొగలా ఉంటుంది. దగ్గరికెళ్తే అదంతా పెన్సిల్ గీతలు, వేలకి వేలు, ఒక్కో చెయ్యి ఒక్కో ఒత్తిడితో గీసినవి. ఒకచోట గీత సన్నగా వణికింది, పక్కనే గట్టిగా పడింది. సూచన ఒకటే, చేతులు వేరు. ఫోన్లో చెప్పినదాంట్లో ఈ వణుకు రాదు. ఆ ఊరున్న న్యూ ఇంగ్లండ్ వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే దారి మళ్లించుకోండి.

వస్తువూ ఐడియా రెండూ బలంగా ఉన్న పని కావాలంటే మైకెల్ రాకోవిట్జ్ అనే కళాకారుడిది. నాషర్ సెంటర్ వాళ్లు శిల్పులకిచ్చే నాషర్ ప్రైజ్ 2020లో ఆయనకే ఇచ్చారు, అందుకని మీ ఊరితో లింకు కూడా ఉంది. ఇరాక్‌లో ప్రాచీన నినెవే నగర ద్వారం దగ్గర రెక్కల ఎద్దు శిల్పం ఉండేది, దాన్ని 2015లో ఐసిస్ వాళ్లు పగలగొట్టారు. రాకోవిట్జ్ దాన్ని అదే కొలతల్లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2018లో నిలబెట్టాడు. రాతితో కాదు, ఖర్జూర పాకం ఖాళీ డబ్బాలు 10,500 వాడి. ఖర్జూరం ఒకప్పుడు ఇరాక్ గర్వంగా ఎగుమతి చేసిన పంట, యుద్ధాలతో ఆ వ్యాపారం చితికిపోయింది. దూరం నుంచి రంగురంగుల ఎద్దు, దగ్గరికెళ్తే డబ్బాల మీద అచ్చువేసిన అరబిక్ అక్షరాలు, ఖర్జూరాల బొమ్మలు. ఏ పదార్థం వాడాడన్నదే ఇక్కడ ఐడియా. మామగారికి ఫొటో చూపించి ఈ సంగతి చెప్పండి, "ఇందులో ఏముంది" అనరు.

ధరల గురించి ఒక్క మాటతో సరిపెడతాను. ధర మార్కెట్ చెప్పేది, కన్ను చెప్పేది కాదు. 62 లక్షలు విని కోపమొస్తే ఆ కోపం వేలంపాట మీద చూపించండి, పక్క గదిలో ఉన్న పెన్సిల్ గీతల మీద కాదు.

ఇప్పుడు మీ హెచ్‌ఓఏ. మీరు పంపిన వివరం ప్రకారం కార్‌టెన్ ఉక్కు, 11 అడుగుల ఎత్తు, చెరువు గట్టు మీద నడకదారి మలుపులో. బొమ్మ బాగుందా లేదా అన్నది నేను చెప్పను, అది మీ కమిటీ చూసుకోవాలి. మిగతావి చెప్తాను.

అన్నిటికంటే ముందు స్ప్రింక్లర్లు. మన సబ్‌డివిజన్లలో రాత్రిపూట గడ్డి మీద నీళ్లు కొడుతూనే ఉంటాయి. ఒక ఆఫీసు క్యాంపస్‌లో (పేరెందుకు) కార్‌టెన్ శిల్పం అడుగు భాగానికి రోజూ స్ప్రింక్లర్ తగిలేది. రిపేరుకి వెళ్లి స్క్రేపర్ పెడితే అడుగు అంచు పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చింది, మోకాలెత్తు పైన మాత్రం లోహం కొత్తదానిలా గట్టిగా ఉంది. కాబట్టి చుట్టూ గడ్డి వద్దు, కంకర వేయించండి, స్ప్రింక్లర్ తలలు పక్కకి తిప్పించండి. ప్లేట్ల మధ్య నీళ్లు నిలిచే సందులు డ్రాయింగ్‌లో ఎక్కడున్నాయో అడగండి, ప్రతి సందుకీ నీళ్లు పోయే కన్నం ఉండాలి. మొదటి రెండు మూడేళ్లు తుప్పు నీళ్లు కారతాయి. కింద లేత రంగు కాంక్రీటు ఉంటే ఆ మరక పోదు, ఆ తర్వాత మీటింగుల్లో శిల్పం గురించి కాదు, మరక గురించే మాట్లాడతారు.

పునాది గురించి టెన్షన్ పడాల్సిందే. ఇక్కడి నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, మీ ఇంటి స్లాబే చెప్తుంది. మామూలు స్లాబు మీద 11 అడుగుల ఉక్కు నిలబెడితే కొన్నాళ్లకి ఒరగొచ్చు. పియర్లు (నేల లోతుకి దింపే కాంక్రీటు స్తంభాలు) వేయాలి, లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం కావాలి. పిల్లలు ఎక్కుతారా అని అడక్కండి, ఎక్కుతారు. ఎక్కినా ఊగకుండా, అంచులు కోసుకోకుండా డిజైన్ ఉందా అని అడగండి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఉక్కు ఎంత కాలుతుందో కూడా ఆలోచించండి.

కాంట్రాక్టులో తొలగింపు సంగతి ముందే రాసుకోండి. టిల్టెడ్ ఆర్క్ పోయిన మరుసటి ఏడాది, 1990లో, అమెరికాలో విజువల్ ఆర్టిస్ట్స్ రైట్స్ యాక్ట్ వచ్చింది. పేరున్న పనిని ధ్వంసం చేస్తే కళాకారుడు దావా వేయొచ్చు. న్యూయార్క్‌లో ఫైవ్‌పాయింట్స్ అనే భవనం మీది బొమ్మలకి యజమాని రాత్రికి రాత్రి సున్నం కొట్టించేస్తే, 2018లో కోర్టు కళాకారులకి 67 లక్షల డాలర్లు ఇప్పించింది. ఇండియాలోనూ ఇలాంటి కేసు ఉంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకి తిరిగిచ్చేయమని, పైన 5 లక్షల రూపాయలు ఇవ్వమని తీర్పు చెప్పింది. కాబట్టి పదేళ్ల తర్వాత చెరువు పూడ్చాల్సొస్తే శిల్పం ఎవరు, ఎవరి ఖర్చుతో, ఎక్కడికి తీసుకెళ్తారో ఈరోజే కాగితం మీద పెట్టండి. కళాకారుడికీ అదే మంచిది.

ఇక బొడ్రాయి దగ్గర చెప్పిన మాట. ఓటు వేసే ముందు ప్లైవుడ్‌తో అసలు కొలతల్లో ఒక డమ్మీ చేయించి, అదే మలుపులో రెండు వారాలు నిలబెట్టండి. పెద్ద ఖర్చు కాదు. పొద్దున్నే నడిచే ముసలివాళ్లు, స్ట్రోలర్లు తోసే తల్లులు, సైకిల్ పిల్లలు దాని చుట్టూ ఎలా తిరుగుతున్నారో చూడండి. అడ్డమైతే రెండో రోజుకే తెలిసిపోతుంది, అప్పుడు నాలుగడుగులు జరిపినా సరిపోవచ్చు. కళాకారుణ్ణి ఒక శనివారం రప్పించి అక్కడే నిలబడి మాట్లాడమనండి, స్లైడ్లు వద్దు. మీ ఊళ్లోనే కాలిడోస్కోప్ పార్కులో జానెట్ ఎకెల్‌మన్ చేసిన వల శిల్పం గాల్లో ఊగుతుంటుంది. ఆవిడకి ఆ వలల ఆలోచన పుట్టింది మన మహాబలిపురం తీరంలో, 1997లో, తెప్పించుకున్న రంగులు రాకపోతే జాలర్ల వలలు చూసి. కమిటీ వాళ్లని ఒకసారి అక్కడికి తీసుకెళ్తే, మెత్తటిదీ కదిలేదీ కావాలా, గట్టిగా నిలబడేది కావాలా అన్నది వాళ్లకే తేలుతుంది.

మామగారు జూన్ దాకా ఉంటారన్నారు కదా. డమ్మీ నిలబెట్టే రోజు ఆయన్ని కూడా తీసుకెళ్లండి, పియర్ల లెక్క ఆయన చూస్తే నాకూ ధైర్యం. అడుగు భాగం డ్రాయింగ్, వెల్డ్ జాయింట్ల వివరం దొరికితే ఇక్కడ పెట్టండి, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూసి చెప్తాను.